నేను ఎక్కితేనే వేడెక్కే బండి

ఈ సంగతి జరిగినప్పుడు నాకు చదవడం వచ్చు, రాయడం రాదు. వినేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మా ఊళ్లో సాయంత్రం పూట బడి వరండాలో ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేవారు. పొలం పని ముగించుకుని, కాళ్లు కడుక్కుని పోయి కూర్చునేవాళ్లం. చూసి పలకడం నాకు తొందరగానే పట్టుబడింది. రాయడం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నా మాట వినేది కాదు. పత్తి మొగ్గను గోటితో ఒలిచి, లోపలి సన్నటి పుప్పొడి తీగలను ఒక్కటి మిగలకుండా గీకేసే వేళ్లు ఇవి. బలపం పట్టుకుంటే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. నా వయసు అప్పటికే యాభైకి దగ్గర పడింది.

రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇది నా ఒక్కదాని సంగతి కాదు, మా ఆయనది కూడా. ఆయన వద్దన్నన్నాళ్లు మనసులోనే పెట్టుకున్నాను. ఈమధ్య ఆయనే రాసుకోమన్నాడు. ఇప్పుడు పక్కన కూర్చుని, నేను రాసిన కాగితం వైపు వంగి చూసి, "గా 'ఘ' ఏందే, బురదల కాలు జారి పడ్డట్టున్నది" అని నవ్వుతున్నాడు. నవ్వనీ. నేను రాస్తూనే ఉంటాను.

మాది గద్వాల దగ్గర పల్లె. కౌలుకు తీసుకున్న చేనులో విత్తనాల కంపెనీల కోసం సీడు పత్తి వేస్తాం. మామూలు పత్తికీ దీనికీ చాలా తేడా ఉంది. మధ్యాహ్నం నుంచి మొగ్గలు ఒలిచి పెట్టుకోవాలి. తెల్లవారాక మగ పువ్వు తెచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్దాలి. ఆ పొద్దు దాటితే ఆ మొగ్గ పనికిరాదు, రాలిపోతుంది. అందుకే ఆ రెండు మూడు నెలలు మాకు పెళ్లీ లేదు, పండగా లేదు.

ఆ ఏడు సరిగ్గా అప్పుడే మా అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అక్కది గోపాల్‌పేట అవతలి ఊరు. పిల్లలు లేరు, బావ ముసలివాడు. వారానికి ఒకసారైనా నేను పోయి ఒళ్లు తుడిచి, తల దువ్వి, బట్టలు ఉతికి రాకపోతే ఆమెకు దిక్కు లేదు. ఉదయం పువ్వు అద్దడం కాగానే మధ్యాహ్నం పనిని కూలి ఆడవాళ్లకు అప్పజెప్పి, మా ఆయనా నేనూ బండి మీద బయలుదేరేవాళ్లం. ఎర్రవల్లి చౌరస్తా, కృష్ణ మీద వంతెన, పెబ్బేరు, వనపర్తి, అక్కడి నుంచి గోపాల్‌పేట. తెల్లారితే మళ్లీ పువ్వు పని ఉంటుంది కాబట్టి పోయి అదే రోజు వెనక్కి రావాలి. బస్సులు మారుకుంటూ పోతే అది కుదరదు. బండి ఉంటేనే అక్క.

ఆ దారిలోనే నాకు అసలు చదువు వచ్చింది. మా ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. నేను బడి వరండాకు పోతున్నానని తెలిసిన మొదటి నెలలోనే, బండి మీద ఉన్నప్పుడు, "ఏది, గా బోర్డు చదువు చూద్దాం" అన్నాడు. నేను ఆయన భుజం మీదుగా తల చాచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. అది ఆటలాగా మొదలైంది, తర్వాత అలవాటైపోయింది. దారిలో ఏ బోర్డు వచ్చినా, "చదువు" అనేవాడు. ఊరి పేర్లు, వంపు ఉందని చెప్పే బోర్డులు, పని జరుగుతోందని చెప్పే బోర్డులు, చివరికి ముందు పోతున్న లారీ వెనక రాతలు కూడా. నాకు చదవడం పూర్తయ్యేదాకా బండి మెల్లగా పోనిచ్చేవాడు. "తొందరేం లేదు, నిమ్మలంగ చదువు" అనేవాడు.

మా ఊరి ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేదాన్ని. "మొగుడు సారు, పెండ్లాం బడిపిల్ల. బండి మీదనే బడి పెట్టిన్రు" అని వాళ్లు ఎగతాళి చేసేవారు. చేస్తే చేయనీ అనుకునేదాన్ని. నా పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. అంతకుముందు ఆయన నాతో అన్ని మాటలు ఏనాడూ మాట్లాడలేదు.

బండి మొదటిసారి ఆగిపోయింది పెబ్బేరు దాటాక. ముందు కాలిన వాసన వచ్చింది. నేను దారి పక్కన ఎవరో చెత్త తగలబెట్టారనుకున్నాను. తర్వాత ఇంజిన్‌లో గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు టకటక చప్పుడు. ఆపైన బండికి బలం తగ్గి, దగ్గుతున్నట్టు ఊగి, నిలబడిపోయింది. కిక్కు కొడితే కిందికి దిగడం లేదు. నా చీర అంచు ఇంజిన్‌కు తగిలి చటుక్కున ముడుచుకుపోయింది. మా ఆయన సీసాలో ఉన్న తాగే నీళ్లు దాని మీద పోశాడు. చుయ్యిమని పొగ లేచింది. చాలాసేపు చింతచెట్టు కింద కూర్చున్నాం. చల్లబడ్డాక మళ్లీ ఏమీ జరగనట్టే కదిలింది.

ఆ తర్వాత ఇదే తంతు. పోయిన ప్రతిసారీ వనపర్తి చేరే లోపల ఎక్కడో ఒకచోట కాగిపోయేది. విచిత్రం ఏమిటంటే, ఆయన ఒక్కడే పొలానికి పోయినా, పురుగుమందు డబ్బాలు వేసుకుని వచ్చినా వేడెక్కదు. నేను వెనక కూర్చుని ఊరు దాటితేనే వేడెక్కుతుంది.

ఈ మాట ఊళ్లో తెలిసిపోయింది. కూలికి వచ్చే ఆడవాళ్లు మొగ్గలు ఒలుస్తూ పడీపడీ నవ్వారు. "వదినె ఎక్కంగనే బండికి జరమొస్తున్నదంట." "జరం గాదే, భయం." నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి ఒక రొట్టె తక్కువ తిన్నాను. ఆ నెలంతా తక్కువే తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది.

మా ఆయన తనకు తోచిన వైద్యం చేశాడు. పొలంలో తాగే నీళ్ల డబ్బాకు మేము తడిపిన గోనెపట్టా చుట్టి పెడతాం, నీళ్లు కుండలో నీళ్లలా చల్లగా ఉంటాయి. అదే ఇంజిన్‌కూ పనిచేస్తుందనుకున్నాడు. గోనెపట్టా ముక్క తడిపి ఇంజిన్ చుట్టూ చుట్టి, సుతిలి తాడుతో గట్టిగా కట్టాడు. నాకూ అది మంచి ఉపాయమే అనిపించింది. పట్టా ఎండినప్పుడల్లా తడపమని ఒక నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. నేను బండి మీద కూర్చుని వంగి వంగి, చెట్టుకు పోసినట్టు ఇంజిన్‌కు నీళ్లు పోసుకుంటూ పోయాను. ఎర్రవల్లి చౌరస్తాలో ఆటోవాళ్లు చూసి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు వనపర్తిలో దిగినప్పుడు గోనెపట్టా కాలి నల్లబడి ఉంది.

అక్కడ మెకానిక్ ఒకతను ఉన్నాడు. నా పుట్టింటి ఊరివాడే, వరసకు తమ్ముడు అవుతాడు. అందుకే మా ఆయనను బావా అంటాడు, బావ దొరికితే వదిలే రకం కాదు. గోనెపట్టా చూడగానే రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"బావా, ఇదేంది? ఇంజనుకు చీర కట్టినవా?"

"చల్లగుంటదని కట్టిన."

"ఇది కుండనా, కడవనా? గాలి తగిలితేనే గద ఇది బతికేది! ముక్కు నోరు మూసి ఉరుకుమంటే నువ్వు ఉరుకుతవా?"

తాడు కోసి పట్టా తీశాడు. ఇంజిన్ మీద దువ్వెన పళ్లలా రేకులు ఉంటాయి. వాటి సందుల్లో గాలి ఆడి వేడి లాక్కుపోతుందట. ఆ సందులన్నీ బురదతో, గోనె పీచుతో మూసుకుపోయి, గోడకు మట్టి మెత్తినట్టు ఉన్నాయి. ఇనుప పుల్లతో, పెట్రోలు గుడ్డతో సందుసందునా తుడిచాడు. ఇంజిన్ ఆయిల్ దించితే తారులాగా చిక్కగా, నల్లగా జారింది. కొత్తది పోశాడు. "ఇగ ఢోకా లేదు. అక్కా, నువ్వు కడుపు నిండ తిను, బండి మోస్తది" అన్నాడు. రొట్టె సంగతి ఇతనికి ఎవరు చెప్పారా అని నేను ఉలిక్కిపడ్డాను. ఎవరూ చెప్పలేదు. ఊరికే అన్నాడు.

మరుసటి వారం కృష్ణ వంతెన దాటి కొద్ది దూరం పోగానే బండి మళ్లీ కాగింది. ఈసారి మెకానిక్ నవ్వలేదు. ప్లగ్గు మార్చాడు, గొలుసు వదులు చేశాడు, పెట్రోలు వచ్చే దారి విప్పి ఊది శుభ్రం చేశాడు. వెనక బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగిపోయాయని కొత్తవి వేశాడు. "ఇంక గూడ వేడైతే బండి నా ముంగట పెట్టు, నేను దండం పెడత" అన్నాడు.

నేను ఆ దారిలో మా ఆయనతో అన్నాను. "నా బరువుకేమో. ఇగ నేను బస్సుల పోత, నువ్వు ఒక్కనివి బండి మీద రా. నడుమల కలుద్దాం."

"నువ్వు లేకుండ నేనెందుకు పోత?" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే.

ఆ మాటను నేను ఎన్ని రోజులు మనసులో తిప్పుకున్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అసలు సంగతి బయటపడిన రోజు ఎండ బాగా కాసింది. ఉదయం పువ్వు పని అయ్యాక బయలుదేరాం. పెబ్బేరు దాటాక మళ్లీ అదే వాసన. ఆగి, చల్లార్చుకుని, ఆగి, ఎలాగో వనపర్తి చేరి మెకానిక్ ముందు పెట్టాం. అతను ఇంజిన్ వైపు చూడలేదు. చెయ్యి తడి చేసుకుని వెనక చక్రం మధ్యలో ఉన్న బ్రేకు డబ్బా మీద చిలకరించాడు. పెనం మీద చల్లినట్టు చుయ్యిమంది. కింద కూర్చుని చక్రం విప్పాడు. తను వేసిన కొత్త రబ్బర్లు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"బావా, ఇవి నేను ఏసినయేనా?"

"మరెవలు ఏస్తరు?"

"గప్పుడే అరిగి కాలినయ్. ఎక్కడ నడుపుతున్నవ్, గుట్ట మీదికెల్లి కిందికి దిగుతున్నవా రోజూ?"

మెకానిక్ వేరే రబ్బర్లు వేసి, చక్రం బిగించి, చేతులు తుడుచుకుని లేచాడు.

"నువ్వు నడుపు. నేను అక్క లెక్క ఎనక కూసుంట. ఏమైతదో చూస్త."

"నువ్వే నడుపరాదు, నీకు తెల్వదా నడుపుడు?"

"నేను నడిపితే ఇది వేడి కాదు బావా. నీ చేతిల ఏమున్నదో చూడాలె గద."

పక్క టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. టోపీ ముందుకు లాక్కున్నాడు. కొన్ని నెలలుగా ఆ టోపీ లేకుండా ఆయన బయటికి రావడం లేదు. ఎండ పడడం లేదంటే సరే అనుకున్నాను. ఇద్దరూ ఎక్కి పోయారు. నేను కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. సంచిలో అక్క కోసం తెచ్చిన జొన్న రొట్టెలు, పప్పు ఉన్నాయి. అవి చల్లారిపోతున్నాయే అన్నదొక్కటే అప్పుడు నా బాధ.

రోడ్డు పనికి ఆ వీధిలో ఒక పక్క కంకర కుప్ప పోసి, దాని ముందు ఖాళీ తారు పీపా నిలబెట్టారు. పోయిన వారం అది లేదు. పోయేటప్పుడు వాళ్లు దాని పక్క నుంచే పోయారు. కొంచెం దూరం పోయి మలుపు తిరిగి కనపడకుండా పోయారు. తిరిగి వస్తున్నప్పుడు ఎండ వాళ్ల ముఖాల మీద పడుతోంది. బండి మెల్లగా వస్తోంది. మా ఆయన నిటారుగా కూర్చుని, ఎప్పటిలాగే చాలా జాగ్రత్తగా నడుపుతున్నాడు. బండి కంకర కుప్ప వైపే వస్తోంది. ఇప్పుడు తిప్పుతాడు అనుకున్నాను. ఇంకా తిప్పలేదు. మాటల్లో పడి ఉంటాడు, ఇప్పుడు తిప్పుతాడు అనుకున్నాను.

ఆయన తిప్పలేదు. పీపా మీదికే వచ్చాడు.

చివరి క్షణంలో వెనక నుంచి మెకానిక్ చేతులు రెండూ ముందుకొచ్చి హ్యాండిల్ పట్టి లాగాయి. బండి పక్కకు పడింది. ఇద్దరూ కంకర మీద దొర్లారు. పీపా దొర్లుకుంటూ పోయి మోరీలో పడింది. టీ కొట్టు మనుషులు పరుగెత్తారు. నేను లేవలేకపోయాను. ఒళ్లో రొట్టెల సంచి రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరుచుకుని, అలాగే కూర్చుండిపోయాను.

మా ఆయన మోచేయి తుడుచుకుంటూ లేచి అరిచాడు. "ఎవడురా ఇక్కడ కంకర పోసింది? నడి తొవ్వల!"

మెకానిక్ కింద కూర్చునే ఉన్నాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి రక్తం వస్తోంది. దాన్ని చూసుకోవడం లేదు, మా ఆయన ముఖం వైపే చూస్తున్నాడు.

"బావా, పొయ్యేటప్పుడు దీని పక్కపొంటే పోయినం గద" అన్నాడు మెల్లగా. "తొవ్వ నడుమల లేదది. అంచుకున్నది."

మెకానిక్ లేచి నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కా, కాలు బ్రేక్ మీదికెల్లి ఒక్కసారన్న తియ్యలే. రెండో గేరు దాటలే. ముంగట ఇంజను గుంజుతది, ఎనక బ్రేక్ పట్టుకుంటది, నడుమల అది కాలుతది. గంతే రోగం. ఇంజనుల ఏం లేదు." ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మీ ఊరికెల్లి గట్లనే వస్తున్నడా? గా లారీల నడుమల?"

అప్పుడు లేచాను. మా ఆయన దగ్గరికి పోయాను. టోపీ ఎక్కడో పడిపోయింది. ఎండకు కళ్లు చికిలించి, నా అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పాడు. ముఖం తిప్పాడు గానీ చూపు నా మీద నిలవలేదు.

రోడ్డు అవతల ఒక దుకాణం ఉంది. మేము మొదట్లో వచ్చినప్పుడు అది ఎరువుల దుకాణం. ఆ పాత బోర్డు ఆయనే నాతో చదివించాడు, "ఎరువులు" అనడానికి నేను చాలా తిప్పలు పడ్డాను. దసరాకు ముందే దాన్ని తీసేసి, అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. పసుపు బోర్డు మీద మనిషంత ఎత్తు ఎర్ర అక్షరాలు.

"ఏమయ్యా, గా బోర్డు చదువు" అన్నాను.

ఆయన నన్ను చదవమనడమే గానీ, నేను ఆయనను చదవమనడం అదే మొదలు.

"ఏ బోర్డు?"

"ఎదురుంగ ఉన్నది."

"గదా? ఎరువులు, విత్తనాలు" అన్నాడు ఆయన, గట్టిగా, అందరికీ వినపడేలా. "గంత పెద్ద అక్షరాలు కండ్లు పొడుస్తున్నయ్ గద. నేనేమన్న గుడ్డోన్ననుకున్నరా?"

టీ కొట్టు ముసలాయన తల పక్కకు తిప్పుకున్నాడు. మెకానిక్ నేల వైపు చూశాడు. నేను ఆ బోర్డును మళ్లీ చదివాను, నేనే తప్పు చదువుతున్నానేమోనని. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మొదటి రోజు చదివినట్టు చదివాను. అక్కడ ఎరువులు లేవు, విత్తనాలు లేవు.

మా అందరి మౌనం ఆయనకు అర్థమైంది. భుజాలు దిగిపోయాయి. చేత్తో తడుముకుని బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. అలా తడుముకోవడం కూడా నేను ఎన్నిసార్లో చూశాను. నడుము నొప్పి అన్నాడు, నమ్మాను. వంగి మొగ్గలు ఒలవలేనని ఆ పని మానేసి నీళ్లు మోసే పనికి మారినప్పుడు కూడా ఆ నడుము నొప్పినే నమ్మాను. ఒకసారి వనపర్తి దాటాక, ఖిల్లా ఘణపూర్ దారి అని చెప్పే బోర్డును నేను దాటిపోయాక చదివితే, మలుపు తప్పి చాలా దూరం పోయాం. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు కూడా సంతోషపడ్డాను.

"ఎప్పటి సంది?" అన్నాను.

"ఎండకాలం సంది. మంచు పట్టినట్టుంటది. ఎండల ఇంక ఎక్కువ."

"చెప్పొద్దా?"

"చెప్తే ఏం చేస్తవ్? మంచం కాడికెల్లి కొట్టం దాకా తాడు కడతవా?"

ఆ తాడు నాకు తెలుసు. మా మామకు చూపు పోయాక, మంచం కోడు నుంచి పశువుల కొట్టం గుంజ దాకా ఒక తాడు కట్టారు. మామ దాన్ని పట్టుకునే పోయేవాడు, పట్టుకునే వచ్చేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా పోయేనాటికే ఆ తాడు చేతి చెమటకు నున్నగా, నల్లగా మెరిసేది. అంతకుముందు ఊరి పంచాయితీలన్నింటికీ మామనే పిలిచేవారట. తాడు కట్టాక ఎవరూ పిలవలేదు. ఎద్దును అమ్మినప్పుడు కూడా ఇంట్లోవాళ్లు ఆయనను అడగలేదు. కొట్టం దాకా పోయి, చెయ్యి చాచి, ఖాళీ గుంజను తడిమి తెలుసుకున్నాడు.

"పొలం దాక తొవ్వ నాకు ఎరికే. అచ్చం కండ్లు మూసుకోని పోత" అన్నాడు మా ఆయన. "గీ తొవ్వ ఎరిక లేదు. అందుకే నిన్ను చదువుమన్న. నువ్వుంటివి గద ఎనక. నీకేమన్న అయితదేమో అని కాలు తియ్యకపోతి."

నా చెవుల్లో లారీల మోత వినపడింది. కృష్ణ వంతెన మీద ఒకసారి ఎదురుగా బస్సు, పక్కన లారీ వస్తుంటే నేను ఆయన వీపుకు చెంప ఆనించి, కింద నది నీళ్లు చూసుకుంటూ పోయాను. నాకేం భయం, ముందు ఆయన ఉన్నాడు అనుకున్నాను. ఆయనేమో, నాకేం భయం, వెనక అది ఉంది అనుకున్నాడు. ముందు పోతున్న లారీ వెనక రాతలు చదవమన్నది నా చదువు కోసం కాదు, లారీ ఎంత దగ్గర ఉందో తెలియడానికి. ఆ బల్ల మీద కూర్చుని ఒక్కో బోర్డును వెనక్కి తలుచుకున్నాను. ఎక్కడి దాకా ఆయన నాకు చదువు నేర్పాడో, ఎక్కడి నుంచి నేను ఆయనకు దారి చూపించానో, ఎంత వెతికినా ఆ చోటు దొరకలేదు. అలా దొరకకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మెకానిక్ బండిని లేపి స్టాండ్ వేసి, తాళం తీసుకున్నాడు.

"తాళమియ్యి" అన్నాడు మా ఆయన చెయ్యి చాచి.

"ఇయ్య."

"నా బండిరా అది!"

"నీదే బావా. ఎవలు కాదన్నరు?" అతని గొంతులో ఎగతాళి లేదు. తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బండి మంచిగనే ఉన్నది, అక్కా. ఎవలన్న కాలు తీసి నడిపితే గద్వాల దాక చల్లగ పోతది. నడిపేది ఎవలో నువ్వే చెప్పు."

మా ఆయన నా వైపు ముఖం తిప్పాడు. "నువ్వు గూడ గంతేనా?" అన్నాడు.

తాళాన్ని కొంగు చివర ముడి వేసుకున్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన చెయ్యి చాచి అడిగినది ఇవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆ రోజు అక్క దగ్గరికి పోలేదు. రొట్టెల సంచి గోపాల్‌పేట పోయే ఆటోలో తెలిసినవాళ్లకు ఇచ్చి పంపాను. బండిని మెకానిక్ దగ్గరే వదిలి బస్సెక్కి ఊరికి వచ్చాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా బోర్డులు పోతున్నాయి. ఆయన చదవమనలేదు, నేను చదవలేదు. ఇంటికి వచ్చాక, కూలి ఆడవాళ్లు ఆ మధ్యాహ్నం బాగా పని చేశారని, ఒలిచిన మొగ్గలు చేను నిండా ఉన్నాయని పక్కింటావిడ చెప్పింది. మామూలుగా అయితే ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆయన అప్పటికే స్నానం చేసి, తలగుడ్డ చుట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

"నడువు, పువ్వు టైమయితున్నది" అన్నాడు. నిన్న ఏమీ జరగలేదన్నట్టు.

నేను కూలి ఆడవాళ్ల దగ్గరికి పోయి, చేతనైనన్ని మొగ్గలకు పువ్వు అద్దండి, మిగిలినవి వదిలేయండి అని చెప్పాను. వాళ్లు నా ముఖంలోకి వింతగా చూశారు. ఆ కాలంలో సీడు పత్తి వేసిన మనిషి నోటి నుంచి వదిలేయండి అన్న మాట రాదు. "ఏమైందే వదినె, బండికి మల్ల జరమా?" అని ఒకామె నవ్వబోయి, నన్ను చూసి ఊరుకుంది.

ఇంటికి వచ్చి తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి, గడప మీద ఆయన పక్కన కూర్చున్నాను. "చేనుకు గాదు. వనపర్తి కండ్ల దవాఖానకు" అన్నాను.

"నేను రాను."

"రాకపోతే నేను గూడ ఇక్కడనే కూసుంట. గిట్లనే. పువ్వు వాడిపోయేదాక."

ఎండ వాకిలి దాటి మా కాళ్ల మీదికి వచ్చింది. ఆయనకు పువ్వు సంగతి నాకంటే బాగా తెలుసు. ఎంతసేపు ఆగితే ఎన్ని మొగ్గలు పోతాయో ఆయన లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. అంతా పోతున్నా నేను లేవలేదు. చివరికి ఆయనే గోడ పట్టుకుని లేచాడు.

బస్సులు ఆగే చోట జనం చాలా ఉన్నారు. దూరంగా ఒక బస్సు వస్తున్న చప్పుడు వినపడింది. ఆయన తల అటు తిప్పాడు. పెదవి కదిలింది, చదువు అంటాడేమోనని చూశాను. అనలేదు.

"ఏం బస్సు?" అన్నాడు. ఇంత చిన్న గొంతుతో ఆయన నన్ను ఏదైనా అడగడం నేను ఎరగను.

"వనపర్తి" అన్నాను. "మనదే."

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కండక్టరుకు నా ఆధార్ కార్డు చూపించి, ఆయనకు మాత్రం టికెట్ తీసుకున్నాను. సీట్లో కూర్చున్నాక, ఆయన అడగకముందే, ఎదురుగా వచ్చిన మొదటి బోర్డును పైకి చదివాను. తర్వాతిదీ చదివాను. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు, "ఏమమ్మా, కొత్తగ నేర్చినవా చదువు?" అని నవ్వాడు. "ఆ, కొత్తగనే" అన్నాను. ఎర్రవల్లి చౌరస్తా చదివాను. కృష్ణ వంతెన మీద చదవడానికి ఏమీ లేకపోతే, నీళ్లు ఎంత ఉన్నాయో, ఇసుక ఎక్కడ తేలిందో, పక్క నుంచి ఏ లారీ పోతోందో చెప్పాను. ఆయన సీటు అంచున కూర్చుని వింటున్నాడు. కుడికాలు మాత్రం, లేని బ్రేకు మీద పెట్టినట్టు, బస్సు నేలను గట్టిగా తొక్కి ఉంది. దాని మీద చెయ్యి వేసి, పెబ్బేరు దాటేదాకా చదువుతూనే ఉన్నాను.